పేదవాని కుర్చీకి పది మార్కులు

అన్యాయం ఎవరికి జరిగింది? సెపా మరాలిట్‌కు. ఎవరు చేశారు? బారియోన్ వారు. ఏ రూపంలో చేశారు? ఒక కుర్చీ రూపంలో. ఈ మూడు సంగతులూ మొదటే చెప్పేస్తే కథలో పస తగ్గుతుందని కొందరు అభ్యంతరపెట్టవచ్చు. కానీ తూర్పు సముద్రపు దీవులలో, బతంగాస్ సీమలోని ఆ పట్టణంలో ఈ విషయం నలభై ఒక్క ఏళ్ళుగా తెలియనివారు లేరు, తెలుసునని ఒప్పుకున్నవారూ లేరు. అటువంటి విషయాన్ని ఇక్కడ కూడా దాచిపెడితే, ఆ పెద్దమనుషులు చేసిన పనినే మరొకసారి చేసినట్టవుతుంది.

నలభై ఒక్క ఏళ్ళ క్రితం, ఊరంతా డోన్యా అని, అంటే దొరసాని అని పిలిచే ఎంగ్రాసియా బారియోన్‌కు ఈస్టరు విందు బల్ల మీద పరచడానికి, పన్నెండు మందికి సరిపడే బల్లగుడ్డ ఒకటి కావలసి వచ్చింది. అనాస నారతో నేసిన సన్నని బట్ట తెప్పించింది. కుట్టడానికి తన పినతండ్రి కూతురు సెపాను పిలిపించింది. సెపాకు అప్పుడు ముప్పై ఒక్క ఏళ్ళు. కాన్వెంటు బడిలో సూదిపనికి బంగారు పతకం తెచ్చుకున్న మనిషి. అయితే ఆ బడిలో ఉచితంగా చదివే పిల్లలు వెనుక గేటు నుంచి వచ్చేవారు గనుక, ఆ పతకాన్ని కూడా వెనుక గేటు దగ్గరే ఇచ్చారు.

కూలి మాట వచ్చేసరికి డోన్యా ఎంతో నొచ్చుకుంది.

"ఏమిటే సెపా, అక్కాచెల్లెళ్ళ మధ్య కూలి ఏమిటి? నువ్వేమన్నా పరాయిదానివా? పని పూర్తిచెయ్యి. ఈస్టరు నాడు నా పక్కన కుర్చీ వేయిస్తాను. అందరితోపాటు కూర్చుని భోంచేద్దువుగాని."

సెపా పదకొండు నెలలు కుట్టింది. దారాలు ఒక్కొక్కటే లాగి, మిగిలిన దారాలను ముళ్ళు వేసి, వాటి మధ్య లిల్లీ పూలు పూయించింది. ఈస్టరు ఉదయం తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ముందు గుమ్మం నుంచి వచ్చింది. అదే మొదటిసారి. దురదృష్టవశాత్తు మేయరుగారి బావమరిది కూడా అదే గుమ్మం నుంచి, పిలవకుండానే వచ్చాడు. కుర్చీలు పన్నెండే ఉన్నాయి.

"ఈసారికి చోటు లేదే సెపా," అంది డోన్యా. "వచ్చే ఏడాది కూర్చుందువుగాని. ఈలోపు ఆ అన్నం గిన్నె కాస్త అందుకో."

సెపా అన్నం గిన్నె అందుకుంది. మేయరుగారి బావమరిది బల్లగుడ్డను మెచ్చుకుని ఎవరి పని అని అడిగాడు. బెల్జియం దేశపు మఠకన్యల పని అని డోన్యా సెలవిచ్చింది. సెపా ఆయన వెనుకే నిలబడి ఆయనకు అన్నం వడ్డిస్తోంది.

ఈ అన్యాయాన్ని సెపా మౌనంగా భరించిందని ఎవరూ నిందించడానికి లేదు. ఆమె వెళ్ళి పాపసంకీర్తనంలో చర్చి గురువుగారికి చెప్పుకుంది. కుర్చీని ఆశించడం గర్వమని, గర్వం పాపమని ఆయన పది జపాలు విధించాడు. ఆమె పది జపాలూ చెప్పి బారియోన్ వారి ఇంటికి వచ్చి, విందులో మాసిన బల్లగుడ్డను ఉతికి, ఆరేసి, దాని వెనుకవైపు ఒక మూల తెల్ల బట్ట మీద తెల్ల దారంతో రెండు వాక్యాలు కుట్టింది. ముందువైపు అక్కడ దట్టమైన లిల్లీ ఆకులు ఉండడం వల్ల ఏమీ ఆనలేదు. అన్నం గిన్నె అందుకున్న నాటి నుంచి ఆ ఇంటి పనిలోనే ఉండిపోయి, అక్కడ బల్లగుడ్డను ఉతికేది, గంజిపెట్టేది, ఇస్త్రీ చేసేది, పరిచేది, మడతపెట్టేది సెపాయే గనుక, దాని వెనుకవైపు చదివే భాగ్యం ఆమె ఒక్కతెకే దక్కింది.

ఏళ్ళు గడిచాయి. బల్లగుడ్డ వయసు మాత్రం ఏళ్ళకు మించి పెరిగింది. పదేళ్ళకు అది శతాబ్దం నాటిదైంది. ఇరవై ఏళ్ళకు ఒక మహారాణి పెళ్ళి సామానులో వచ్చింది. ముప్పై ఏళ్ళకు ఓడ మునిగినా తడవకుండా తీరం చేరింది. డోన్యా ఎంగ్రాసియా పరలోకానికి తరలిపోయేటప్పుడు ఇల్లు, కొబ్బరితోట, బల్లగుడ్డ, "వచ్చే ఏడాది" అన్న మాట, సమస్తాన్నీ కూతురు పూరింగ్‌కు అప్పగించి, నిశ్చింతగా కన్నుమూసింది.

డోన్యా పూరింగ్ తల్లిని మించిన కూతురు. ఆమెకు బంధుప్రీతి మెండు. కాకపోతే ఆ ప్రీతికి సరిహద్దులు ఉన్నాయి. వంటింటి గడప లోపల సెపాను "పిన్నీ" అని నోరారా పిలిచేది. గడప దాటి భోజనాల గదిలోకి వస్తే "సెపా" అనేది. బిషప్ గారు వచ్చిన రోజున "మా మనిషి" అని చెప్పి ఊరుకునేది.

ఈ ఏడాది, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం సగం గడిచాక చర్చి సంఘం వారు ఒక ప్రకటన జారీ చేశారు. పట్టణంలోని కుటుంబాలలో వినయం అడుగంటుతున్నదని, దానిని పోటీ పెట్టి పెంపొందించవలసి ఉన్నదని అందులో విచారం వెలిబుచ్చారు. ఈస్టరు నాడు ప్రతి గృహమూ తన విందు బల్లను అలంకరించవలెను. న్యాయనిర్ణేతలు ఇంటింటికీ వచ్చి మార్కులు వేయుదురు. అలంకరణకు నలభై, ప్రాచీనతకు ముప్పై, గృహిణి వినయానికి ఇరవై. మిగిలిన పది మార్కులూ పేదవాని కుర్చీకి. అనగా, పిలవకనే రాదగిన పేద సోదరుని కొరకు ప్రతి బల్ల వద్దా ఒక కుర్చీ ఉంచవలెను. కుర్చీ ఖాళీగా ఉండవలెను. దానియందు ఎవరైనా కూర్చున్న యెడల పది మార్కులూ కోల్పోవుదురు. గెలిచిన బల్లగుడ్డను సోమవారం నాడు చర్చి ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో శాశ్వతముగా ఉంచెదరు.

న్యాయనిర్ణేతలుగా ఇద్దరిని నియమించారు. ఒకరు సంఘ కార్యదర్శి టిబుర్సియో. ఆయన డోన్యా పూరింగ్ భర్తకు జ్ఞానస్నానపు కొడుకు, అంటే చర్చి సాక్షిగా కొడుకు వరస, కావడం కేవలం యాదృచ్ఛికం. రెండవవారు కాన్వెంటు బడి మదర్ ఎస్కొలాస్టికా. ఆమె వయసు ఎనభై ఎనిమిది, రెండు కళ్ళూ దాదాపు పోయాయి. అలంకరణకు మార్కులు వేయడంలో ఆమె ఎవరికీ ఇబ్బంది కలిగించరని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

తీర్పు ముందే తెలిసి ఉన్నందువల్ల డోన్యా పూరింగ్ ముందే ఒక ఇత్తడి పలక చేయించింది. "బారియోన్ వంశపు బల్లగుడ్డ. బెల్జియం మఠకన్యల చేతిపని. రెండు శతాబ్దాల నాటిది." ఆ పలకను తోమి మెరుగుపెట్టే పని సెపాకు అప్పగించారు. డెబ్బై రెండేళ్ళ సెపా చింతపండు పెట్టి దానిని తోముతూ, ఒక్కొక్క అక్షరాన్నీ బొటనవేలితో రుద్దింది. సోమవారం నాడు బల్లగుడ్డ అద్దాల పెట్టెలోకి వెళుతుంది. ముఖం పైకి, వీపు కిందికి. ఇక దానిని ఉతికేవారూ ఉండరు, తిరగేసేవారూ ఉండరు. ఆమె కుట్టిన రెండు వాక్యాలు చెక్క మీద బోర్లా పడుకుని చివికిపోతాయి. పైన ఈ ఇత్తడి మిగిలిపోతుంది. పలక తళతళలాడింది. తన పనిలో లోపం ఉంచే అలవాటు సెపాకు లేదు.

అలంకరణకు డోన్యా పూరింగ్ విదేశీ పత్రికలోని ఒక బొమ్మను ప్రమాణంగా తీసుకుంది. ఆ బొమ్మలో ఈస్టరు నాడు మంచు కరుగుతూ ఉంది. ఏప్రిల్ ఎండకు వీధిలో తారు కరుగుతూ ఉన్నా, బల్ల మీద మాత్రం దూదితో మంచు కురిపించారు. మంచులోంచి ప్లాస్టిక్ తులిప్ పూలు తల ఎత్తాయి. ఇంటి వెనుక విరగబూసిన మల్లెలు ఈస్టరుకు తగవని తేలింది. పచ్చకాగితాన్ని సన్నగా కత్తిరించి గడ్డి పరిచారు, ఎగిరిపోతుందని ఫ్యాను ఆపేశారు. పన్నెండు పళ్ళేల ముందు పన్నెండు చాక్లెట్ కుందేళ్ళు నిలబడ్డాయి. ఏటా బల్లగుడ్డ మీద పరిచే ప్లాస్టిక్ షీటును ఈసారి తీసేశారు, కృత్రిమ వస్తువులు నిషేధమని ప్రకటనలో ఉన్నది గనుక.

పేదవాని కుర్చీ విషయంలో బారియోన్ వారు ఏ లోటూ చేయలేదు. ముందు హాలులోని నగిషీ కుర్చీని, ఎర్ర మఖమలు దిండుతో సహా తెప్పించారు. పొరపాటున ఎవరైనా కూర్చుంటారేమోనని దాని రెండు చేతుల మధ్యా వెడల్పాటి పట్టు రిబ్బను కట్టారు. ముందు పళ్ళెంలో బంగారు రంగు వేసిన కొయ్యగుడ్డు పెట్టారు. పేదవాడికి రాకపోకలకు అనువుగా ఉంటుందని ఆ కుర్చీని వంటింటి గుమ్మం పక్క మూలలో వేశారు. దాని దుమ్ము దులపడం సెపా వంతు.

"ఏం సెపక్కా, ఈ ఏడన్నా కూర్చుంటావా, మళ్ళీ వచ్చే ఏడాదేనా?" అంది వంటమనిషి బేరింగ్, కాలుతున్న పందికి నూనె రాస్తూ.

"నోరు మూసుకుని దాని చర్మం మాడకుండా చూడవే."

"మాడేది చర్మం కాదక్కా, నా కడుపు. పేదవాడి కుర్చీ అంట! ఈ ఇంట్లో మనకంటే పేదవాడు ఎవడున్నాడు?"

"మనం పేదవాళ్ళం కాదట. పూరింగ్ చెప్పింది. మనం ఇంటిమనుషులమట."

"ఓహో. మరి ఇంటిమనుషుల కుర్చీ ఏదీ?"

"అది ప్రకటనలో లేదట."

ఈస్టరు వేకువన చీకట్లోనే పట్టణమంతా వీధిలోకి వచ్చింది. సమాధి నుంచి లేచిన ప్రభువు విగ్రహం వెంట మగవారు ఒక దారిన, నల్లముసుగు వేసిన ఆయన తల్లి విగ్రహం వెంట ఆడవారు ఇంకో దారిన నడిచి, చర్చి ముందు కలుసుకున్నారు. దేవదూత వేషం వేసిన ఆరేళ్ళ పాప తాళ్ళ మీద దిగి వచ్చి, తల్లి ముఖం మీది ముసుగు లాగేసింది. గంటలు మోగాయి. ప్రతి ఏడూ చూసేదే అయినా, సెపా ఈసారి ఆ ముసుగు కిందపడిన చోటునే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చి బల్లగుడ్డ పరిచింది. నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, తిరగేసి పరిచింది.

ఇక్కడ సూదిపని తెలియని పాఠకులకు ఒక మాట మనవి చేయాలి. అసలైన కుట్టుపనిలో వెనుకవైపు కూడా ముందువైపు లాగే ఉంటుంది. ముడి కనబడదు, దారం వేలాడదు. తేడా కనిపెట్టాలంటే పని తెలిసి ఉండాలి. డోన్యా పూరింగ్ వచ్చి బల్లను నాలుగు వైపుల నుంచీ పరిశీలించింది. భర్త పరిశీలించాడు. తమ వంశ సంపద గురించి ఏటా గంటసేపు చెప్పగల పది మంది బంధువులు పరిశీలించారు. అందరికీ తృప్తి కలిగింది. దూది మంచు ఒకచోట పలచబడిందని మాత్రం మందలించారు.

న్యాయనిర్ణేతలు పదకొండున్నరకు వచ్చారు. అప్పటికే ఆరు బల్లల దగ్గర రుచి చూసి వచ్చిన టిబుర్సియో, కూర్చుంటే మళ్ళీ లేవలేనని నిలబడే ఉన్నాడు. మదర్ ఎస్కొలాస్టికా చేతికర్రతో గుమ్మం తడుముకుంటూ లోపలికి వచ్చింది. ఆమె పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆ సంగతి ఆరిళ్ళలో ఎవరూ అడగలేదు, చూపు లేనివారికి ఆకలి ఉంటుందని తోచక.

డోన్యా పూరింగ్ తన కుర్చీలోంచి లేచి, రాసిపెట్టుకున్న ప్రసంగం అందుకుంది.

"పూజ్యులైన న్యాయనిర్ణేతలారా! ఈ ఇంటికి నన్ను యజమానురాలు అంటారు. అది లోకం మాట. నేడు నేను ఈ ఇంట దాసిని! ఈ బల్ల దగ్గర అందరికన్నా అల్పురాలిని! నా పూర్వులు బెల్జియం నుంచి తెచ్చిన ఈ పవిత్ర వస్త్రం సాక్షిగా చెబుతున్నాను, నా అతిథులకు నా చేతులతో నేనే వడ్డిస్తాను, వారందరూ తిన్న తరువాతే నేను తింటాను!"

ప్రసంగం మొదలైనప్పుడు చాక్లెట్ కుందేళ్ళు చెవులు నిక్కించి వింటున్నాయి. రెండో పేజీకి చెవులు వాలాయి. ముగిసేసరికి పన్నెండూ మోకాళ్ళ మీదికి వచ్చాయి. టిబుర్సియో వినయానికి ఇరవైకి పందొమ్మిది వేశాడు. పరిపూర్ణ వినయం పునీతులకే చెల్లుతుందని ఒక మార్కు తగ్గించాడు.

"మదర్, మీరు కూడా చూసి మార్కులు వేస్తే..." అన్నాడు, చూసి అన్నందుకు నాలుక కరుచుకుంటూ.

"చూస్తున్నానుగా," అంది మదర్.

ఆమె కర్రను చంకలో పెట్టుకుని, రెండు అరచేతులూ బల్లగుడ్డ మీద ఆనించింది. యాభై ఏళ్ళు సూదిపని నేర్పిన చేతులు. పరీక్షలో ఏ పిల్ల బట్టనైనా ముందు తిరగేసి, వెనుకవైపుకే మార్కులు వేసిన చేతులు. అవి దూదిని పక్కకు నెట్టాయి, కాగితపు గడ్డిని రాల్చాయి, ఒక కుందేలును పడగొట్టాయి. పూవు పూవునూ తడుముతూ బల్ల చుట్టూ నడిచి, పేదవాని కుర్చీ ముందు ఆగిపోయాయి.

వంటింటి గుమ్మంలో అన్నం గిన్నెతో సెపా నిలబడి ఉంది. ఆమె కోరుకున్నదల్లా ఒకటే. ఆ వేళ్ళు ఇంకొక్క అంగుళం జరగాలి.

జరిగాయి.

"ఇది తిరగేసి పరిచారే," అంది మదర్.

"అయ్యో, లేదు మదర్. బెల్జియం పనిలో అలా అనిపిస్తుంది లెండి," అంది పూరింగ్.

"బెల్జియం వాళ్ళు మన భాషలో కుడతారటమ్మా?"

మదర్ వేళ్ళతో తడుముతూ, చిన్న క్లాసులో పాఠం చదివించినట్టు గట్టిగా చదివింది.

"దీన్ని కుట్టింది సెపా మరాలిట్. దీనికి కూలి, ఈ బల్ల దగ్గర ఒక కుర్చీ."

డోన్యా పూరింగ్ ముఖం దూది రంగుకు తిరిగింది. ఆమె భర్త గోడ మీది చివరి విందు పటం వంక, అక్కడినుంచి ఏమైనా సహాయం అందుతుందేమోనన్నట్టు చూశాడు. ఆ పటంలోనూ పన్నెండుగురు శిష్యులూ గురువుగారూ తప్ప, అన్నం వండినవారు ఎక్కడా లేరు.

"సెపా! వెనుక గేటు సెపా! ఎక్కడున్నావే?" అని పిలిచింది మదర్.

"ఇక్కడే ఉన్నాను మదర్."

"వెనుకవైపు ఇంత శుభ్రంగా కుట్టే పిల్ల నా చేతి కింద ఒక్కతే ఉండేది. ఆ కూలి ముట్టిందా?"

"లేదు మదర్. వచ్చే ఏడాది అన్నారు."

"ఎప్పుడన్నారు?"

"నలభై ఒక్క ఏళ్ళ కిందట."

"ఈ కుర్చీ ఎవరిది మరి?"

"పేదవారిది మదర్," అని టిబుర్సియో ముందుకు వచ్చాడు. "నిబంధన ప్రకారం ఖాళీగా ఉండాలి. కూర్చుంటే పది మార్కులు పోతాయి."

"పోనీండి. సెపా, ఆ గిన్నె కిందపెట్టి కూర్చో."

సెపా గిన్నెను వంటింట్లో దించి వచ్చింది. జేబులోంచి చిన్న కత్తెర తీసింది. అరవై ఏళ్ళుగా ఆ కత్తెర లేకుండా ఆమె బయట అడుగు పెట్టలేదు. పట్టు రిబ్బనును సరిగ్గా మధ్యకు, పోగులు రేగకుండా కత్తిరించింది. కొయ్యగుడ్డును పక్కకు జరిపి, ఎర్ర మఖమలు మీద నిటారుగా కూర్చుంది.

"ఆ పలక గురించి కూడా విన్నాను," అంది మదర్. "పారేయకండి, ఇత్తడి దండగ. తిరగేసి వెనుకవైపు రాయించండి. ఏం రాయాలో ఇందాకే చదివాను."

ఇంతలో పూరింగ్ భర్త, అలవాటు చొప్పున, అన్నం కోసం గంట మోగించాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ మోగించాడు.

"అన్నం తెచ్చే మనిషి అక్కడ కూర్చుంది దొరా!" అని వంటింట్లోంచి బేరింగ్ కేక వేసింది.

అన్నం తనంతట తాను నడిచి రాదన్న సంగతి ఆ వంశంలో అదే మొదటిసారి బయటపడింది.

"దాసిని అని ఇందాక ఎవరో అన్నారే," అంది మదర్. "నా చేతులతో నేనే వడ్డిస్తాను అన్నారు. నేను గుడ్డిదాన్నే గాని చెవిటిదాన్ని కాదమ్మా పూరింగ్." అని, తడుముకుంటూ వెళ్ళి పూరింగ్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, చేతిరుమాలు మెడకు తగిలించుకుంది.

పందొమ్మిది మార్కుల వినయం వంటింట్లోకి వెళ్ళి, అన్నం గిన్నె మోసుకుని బయటికి వచ్చింది. గిన్నె బరువు ఉంటుందని పూరింగ్‌కు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మదర్‌కు వడ్డించింది, భర్తకు వడ్డించింది, బంధువులకు వడ్డించింది. ఆఖరున మూల కుర్చీ దగ్గరికి వచ్చి వంగింది. గడపకు ఇవతల, అందరూ వింటూ ఉండగా, ఆమె నోట ఆ మాట రాక తప్పలేదు.

"పిన్నీ... అన్నం."

"వెయ్యి," అంది సెపా.

టిబుర్సియో మాత్రం తన విధిని విస్మరించలేదు. ఖాళీ కుర్చీకి పది మార్కులూ కొట్టేశాడు. ప్రాచీనతకు వేసిన ముప్పై కూడా కొట్టేశాడు. అయితే గృహిణి నిజంగానే వడ్డించడం ఈ పోటీలో ఊహించని పరిణామం గనుక వినయానికి ఇరవైకి ఇరవై రెండు వేశాడు. తన పుస్తకంలో ఒక సూచన కూడా రాసుకున్నాడు. వచ్చే సంవత్సరము నుండి పేదవాని కుర్చీయందు నిజమైన పేదవానిని ఇరవై నిమిషములకు మించకుండ కూర్చుండబెట్టవచ్చును. పేదవానిని ఎవరికి వారే సమకూర్చుకొనవలెను. మరునాటికే పట్టణంలోని మంచి కుటుంబాలవారు, తమ ఇంటి వెనుక గుమ్మంలో పనికివచ్చే బంధువులు ఎవరైనా ఉన్నారేమోనని ఆరా తీయడం మొదలుపెట్టారు. అందరి ఇళ్ళలోనూ ఉన్నారని తేలింది.

అన్నం గిన్నె ఖాళీ అయ్యేసరికి డోన్యా పూరింగ్ ముఖం మీది పౌడరు చెమటకు చారలు కట్టింది. ఆమె కూర్చోవడానికి చుట్టూ చూసింది. పన్నెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. పదమూడోదీ నిండి ఉంది.

సెపా పంది మాంసం ముక్కను నెమ్మదిగా నమిలి మింగింది. పెదవులు తుడుచుకుంది. తల ఎత్తి, ఎంతో ఆప్యాయంగా చూసింది.

"ఈసారికి చోటు లేదే పూరింగ్. వచ్చే ఏడాది కూర్చుందువుగాని. ఈలోపు ఆ పులుసు గిన్నె కాస్త అందుకో."

పూరింగ్ పులుసు గిన్నె అందుకుంది. ఆ విధంగా నలభై ఒక్క ఏళ్ళ అప్పు ఒక్క అక్షరం తగ్గకుండా తీరిపోయింది. వడ్డీ మాట ఎవరూ ఎత్తలేదు. బంధువుల మధ్య వడ్డీ ఏమిటి?